పాత ఆక్సిజన్ సిలిండర్లు కొనొచ్చా? హైడ్రో టెస్ట్ ఒక్కటి చేయిస్తే సరిపోతుందా?

మీ ప్రశ్న సారాంశం ఇదీ: విజయవాడ ఆటోనగర్‌లో మీకు ఫ్యాబ్రికేషన్ షాపు ఉంది. మూతపడిన యూనిట్ నుంచి 24 డి టైప్ (పరిశ్రమల్లో వాడే పెద్ద సైజు) ఆక్సిజన్ సిలిండర్లు కొత్తవాటి ధరలో మూడో వంతుకే ఇస్తామంటున్నారు. అన్నిటికీ కొత్తగా నల్లరంగు వేసి ఉంది. "కాగితాలు లేకపోయినా పర్లేదు, హైడ్రో టెస్ట్ (నీళ్లు నింపి ఒత్తిడి పెట్టి చేసే పరీక్ష) చేయించుకోండి, ఇంకో ఐదేళ్లు ఢోకా లేదు" అని అమ్మే ఆయన చెబుతున్నాడు. కొనొచ్చా, షాపులో పెట్టుకోవడానికి లైసెన్సు కావాలా, ట్రాలీ ఆటోలో తెచ్చుకోవచ్చా అని అడిగారు.

ముందు సూటిగా చెప్పేస్తాను. కాగితాలు లేని సిలిండర్ ఒక్కటి కూడా కొనకండి. కాగితాలు ఉన్నవాటికి కూడా అడ్వాన్సు ఇవ్వకముందే నంబర్ల జాబితా తీసుకుని, మీరు గ్యాస్ నింపించుకునే ఫిల్లింగ్ ప్లాంటుకూ, పెసో (సిలిండర్ల భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) గుర్తింపు ఉన్న టెస్ట్ స్టేషనుకూ చూపించండి. వాళ్లు తీసుకుంటామన్నవే కొనండి. 24 ఆక్సిజన్ సిలిండర్లు నిల్వ పెట్టుకోవడానికి మీకు పెసో లైసెన్సు అక్కర్లేదు. ట్రాలీ ఆటోలో తేవచ్చు, కానీ ఎలా కట్టి తెస్తున్నారన్నది ముఖ్యం. హైడ్రో టెస్ట్ అవసరమే, అయితే అది అన్నీ పట్టుకోలేదు. మీరు తప్పకుండా తెలుసుకోవాల్సింది ఈ చివరి విషయమే కాబట్టి దాని గురించే ఎక్కువ రాస్తాను.

చట్టం ఎక్కడ మొదలవుతుంది

లోహపు సిలిండర్‌లో ఒత్తిడితో నింపిన గ్యాసును 1938లోనే నోటిఫికేషన్ ద్వారా 1884 నాటి ఎక్స్‌ప్లోజివ్స్ యాక్ట్ కిందకి తెచ్చారు. ఇప్పుడు అమల్లో ఉన్నవి గ్యాస్ సిలిండర్స్ రూల్స్, 2016. వీటిని చూసేది పెసో, అంటే పెట్రోలియం అండ్ ఎక్స్‌ప్లోజివ్స్ సేఫ్టీ ఆర్గనైజేషన్. ప్రధాన కార్యాలయం నాగపూర్‌లో ఉంది. నీళ్లు పోస్తే అర లీటరు కంటే ఎక్కువ, 1000 లీటర్ల లోపు పట్టే పాత్రలు సిలిండర్ రూల్స్ కిందకి వస్తాయి. 1000 లీటర్లు దాటితే అది ట్యాంకరైనా, నేలమీద బిగించిన బుల్లెట్ ట్యాంకైనా, వేరే రూల్స్ వర్తిస్తాయి: స్టాటిక్ అండ్ మొబైల్ ప్రెజర్ వెసల్స్ (అన్‌ఫైర్డ్) రూల్స్, 2016. మీ డి టైప్ సిలిండర్ పట్టేది 46.7 లీటర్లు కాబట్టి మీకు మొదటివి చాలు.

ఇంత కట్టుదిట్టం ఎందుకంటే, ఆ 46.7 లీటర్లలో 150 బార్ ఒత్తిడి దగ్గర సుమారు 7 క్యూబిక్ మీటర్ల ఆక్సిజన్ ఉంటుంది. సిలిండర్ ఒక్కసారిగా పగిలితే విడుదలయ్యే శక్తి లెక్క కడితే 1.3 మెగాజౌళ్ల దాకా వస్తుంది. అంటే దాదాపు 300 గ్రాముల టీఎన్‌టీతో సమానం. అదీ ఏమీ మండకుండానే, కేవలం ఒత్తిడి వల్ల. అందుకే టెస్ట్ గ్యాసుతో కాకుండా నీళ్లతో చేస్తారు. అదే సిలిండర్‌లో నీళ్లు నింపి 250 బార్‌కి ఎక్కిస్తే నీళ్లలో దాగే శక్తి ఆరేడు కిలోజౌళ్లు మాత్రమే. పగిలినా నీళ్లు చిమ్మి ఆగిపోతుంది.

భుజం మీద ఉన్న పంచింగ్ (ఉక్కులో కొట్టిన అక్షరాలు, అంకెలు) చదవడం

వాల్వ్ కింద మెడ, మెడ కింద వాలుగా ఉండే భుజం. సిలిండర్ జాతకం అంతా అక్కడే ఉంటుంది. రంగు కొత్తగా వేశారన్నారు కదా, వైర్ బ్రష్‌తో భుజం మీద రంగు తీయించండి. గ్రైండర్ మాత్రం వాడనివ్వకండి. అమ్మే మనిషి బ్రష్ కొట్టనివ్వనంటే అక్కడితో బేరం ఆపేయండి.

అక్కడ కనిపించాల్సినవి: తయారుచేసిన కంపెనీ గుర్తు, రొటేషన్ నంబరు (సిలిండర్ సీరియల్ నంబరు ఇదే), ఏ స్పెసిఫికేషన్ ప్రకారం చేశారు (ఈ రకం అతుకులేని ఉక్కు సిలిండర్లకు మన దేశంలో సాధారణంగా ఐఎస్ 7285), హీట్ ట్రీట్‌మెంట్ గుర్తు, ఇన్‌స్పెక్టర్ ముద్ర, గ్యాసు పేరు లేదా ఓ2 అన్న గుర్తు, వర్కింగ్ ప్రెజర్, టెస్ట్ ప్రెజర్, టేర్ వెయిట్ (ఖాళీ సిలిండర్ బరువు), నీటి కెపాసిటీ, మొదటి హైడ్రో తేదీ, ఆ తర్వాత జరిగిన ప్రతి హైడ్రో తేదీ దాని పక్కన టెస్ట్ స్టేషన్ గుర్తుతో. పాత డి టైప్‌లలో ఎక్కువగా వర్కింగ్ ప్రెజర్ 150, టెస్ట్ ప్రెజర్ 250 అని ఉంటుంది. ఇవి చదరపు సెంటీమీటరుకు కిలోల్లో. రెండోది మొదటిదానికి ఒకటింబావు కాదు, ఒకటిన్నర కాదు, 5/3 వంతులు. ఈ నిష్పత్తి కుదరని అంకెలు కనిపిస్తే ఆగి ఎందుకో అడగండి.

ఆ 150 అన్నది 15 డిగ్రీల సెల్సియస్ దగ్గరి ఒత్తిడి. మే నెలలో విజయవాడలో నీడనే 45 డిగ్రీలు ఉన్నప్పుడు అదే సిలిండర్ గేజి 166 దగ్గర చూపిస్తుంది. ఎండలో నల్లరంగు సిలిండర్ ఒళ్లు 65 డిగ్రీలకు చేరితే 176. టెస్ట్ ప్రెజర్‌కి ఇంకా దూరమే, కానీ ఈ లెక్క మంచి సిలిండర్‌కి. గోడ సగం తుప్పు తిన్నదానికి ఆ వెసులుబాటు ఉండదు.

తారుమారు చేసిన పంచింగ్ ఎలా ఉంటుంది. భుజం గుండ్రంగా ఉండాల్సిన చోట ఒక పట్టీ మేర చదునుగా, నున్నగా ఉంటే అక్కడ పాత అంకెలు అరగదీశారని అర్థం. అరగదీసిన చోట గోడ పలచబడుతుంది కూడా. ఒకే వరసలో అంకెల సైజు, లోతు మారుతుండటం, పాత అంకె మీదే కొత్త అంకె కొట్టడం, 1990లలో తయారైన సిలిండర్‌కి ఒకే ఒక్క హైడ్రో తేదీ ఉండటం, ఆ తేదీ పక్కన స్టేషన్ గుర్తు లేకపోవడం, 24 సిలిండర్లకూ ఒకే రోజు ఒకే చేతితో కొట్టినట్టున్న తేదీలు. వీటిలో ఏది కనిపించినా ఆ సిలిండర్‌ని పక్కన పెట్టండి. రెండు మూడు సిలిండర్లలో కనిపిస్తే మొత్తం లాటునే వదిలేయండి.

విదేశీ ముద్రలు ఉన్నవి కూడా ఇలాంటి లాట్లలో కలుస్తుంటాయి. ముద్ర మంచిదే కావచ్చు, కానీ మన దేశంలో నింపాలంటే ఆ సిలిండర్‌కి పెసో అధిపతి అయిన చీఫ్ కంట్రోలర్ ఆఫ్ ఎక్స్‌ప్లోజివ్స్ ఆమోదం ఉండాలి. ఆ లెటర్ నంబరు లేకపోతే మీకు అది ఉక్కు దిమ్మతో సమానం.

కాగితాలంటే ఏ కాగితాలు

రూల్స్ ప్రకారం సిలిండర్ యజమాని ఆ సిలిండర్ బతికున్నంత కాలం ఒక రికార్డు ఉంచాలి. అందులో ఉండాల్సినవి తయారీదారు పేరు, రొటేషన్ నంబరు, స్పెసిఫికేషన్ నంబరు, మొదటి హైడ్రోస్టాటిక్ టెస్ట్ తేదీ, తయారీదారు ఇచ్చిన టెస్ట్, ఇన్‌స్పెక్షన్ సర్టిఫికెట్లు, చీఫ్ కంట్రోలర్ ఆమోదపు లెటర్ నంబరూ తేదీ. సిలిండర్ చేతులు మారితే ఈ రికార్డు కూడా దాంతోపాటే మారాలి. ఒరిజినల్ ఇన్‌వాయిస్, చివరి హైడ్రో సర్టిఫికెట్, నంబర్లన్నీ విడివిడిగా రాసిన అమ్మకపు బిల్లు. ఈ మూడూ చేతికి రావాలి. "24 పాత సిలిండర్లు" అని ఒకే లైనుతో రాసిన బిల్లు పనికిరాదు. ఆ సిలిండర్లలో ఒకటి ఏ గ్యాస్ కంపెనీదో అద్దెకిచ్చినదైతే రేపు దాన్ని పట్టుకుని దొంగసొత్తు అంటారు. గ్యాస్ కంపెనీలు తమ పేరు భుజం మీద కొట్టించుకుంటాయి. మూతపడిన యూనిట్లలో మిగిలిపోయినవాటిలో ఇలా అద్దెకి తెచ్చి తిరిగి ఇవ్వనివీ ఉండొచ్చు.

రికార్డు లేనిదాన్ని పద్ధతి పాటించే టెస్ట్ స్టేషన్ అసలు ముట్టుకోదు. ముట్టుకునేవాళ్లు దొరుకుతారు. వాళ్ల దగ్గరికి వెళ్లకండి.

హైడ్రో టెస్ట్ ఏం చూస్తుంది, ఏం చూడదు

ఆక్సిజన్, నైట్రోజన్, ఆర్గాన్ లాంటి తుప్పు పట్టించని గ్యాసుల సిలిండర్లకి హైడ్రో ఐదేళ్లకోసారి. క్లోరిన్ లాంటి తినేసే గ్యాసులకి రెండేళ్లకోసారి. ఇళ్లలో వాడే ఎల్‌పీజీ సిలిండర్లకి మొదటిసారి పదేళ్లకి, తర్వాత ఐదేళ్లకోసారి. (ఎల్‌పీజీ సిలిండర్ పైపట్టీ లోపలివైపు ఏ నుంచి డి దాకా ఒక అక్షరం, పక్కన సంవత్సరం ఉంటాయి. ఏ అంటే జనవరి నుంచి మార్చి, డి అంటే అక్టోబర్ నుంచి డిసెంబర్. అది టెస్ట్ గడువు. గ్యాసు గడువు కాదు.)

సరైన స్టేషన్‌లో జరిగే పని ఇలా ఉంటుంది. లోపల మిగిలిన గ్యాసు వదిలేస్తారు. వాల్వ్ విప్పుతారు. లోపల శుభ్రం చేసి సన్నటి దీపం దించి గోడలు, ముఖ్యంగా అడుగు, చూస్తారు. మెడ మరలు చూస్తారు. తూకం వేస్తారు. తర్వాత సిలిండర్ నిండా నీళ్లు పోసి, నీళ్లతో నిండిన ఇంకో పెద్ద జాకెట్‌లో దించుతారు. పంపుతో 250కి ఎక్కించి కనీసం 30 సెకన్లు నిలుపుతారు. సిలిండర్ ఉబ్బినంత మేర జాకెట్‌లోని నీళ్లు బయటికొచ్చి గాజు గొట్టంలో చేరతాయి. అది మొత్తం సాగుదల. ఒత్తిడి తీసేశాక సిలిండర్ తిరిగి ముడుచుకోవాలి. ముడుచుకోకుండా మిగిలింది శాశ్వత సాగుదల. ఇది మొత్తంలో 10 శాతం దాటకూడదు. ఉదాహరణకి మొత్తం 180 మిల్లీలీటర్లు వచ్చి 9 మిగిలితే 5 శాతం, పాస్. 20 మిగిలితే 11 శాతం దాటింది, ఫెయిల్. ఆ ఉక్కు తన బిగువు పోగొట్టుకుందని అర్థం. అగ్నిప్రమాదంలో కాలిన సిలిండర్లు ఎక్కువగా ఇక్కడే దొరుకుతాయి.

సర్టిఫికెట్‌లో ఈ రెండు అంకెలూ విడిగా ఉన్నాయో లేదో చూసుకోండి. "టెస్టెడ్ ఓకే" అని మాత్రమే రాసి ఇచ్చేది టెస్ట్ జరిగినట్టు రుజువు కాదు. 24 సిలిండర్లకీ సాగుదల అంకెలు అచ్చం ఒకటే ఉన్నా అంతే.

తూకం సంగతి చాలామంది తప్పుగా చేస్తారు. సిలిండర్ తన టేర్ వెయిట్‌లో 5 శాతం కంటే ఎక్కువ కోల్పోతే దాన్ని కండెమ్ చేయాలి, అంటే ఇక వాడకూడదని తేల్చాలి. 60 కిలోల టేర్‌కి 3 కిలోలు. ఆక్సిజన్ లాంటి పర్మనెంట్ గ్యాసులకి (సిలిండర్‌లో ద్రవంగా మారనివి) భుజం మీద కొట్టిన టేర్‌లో వాల్వ్ బరువు కలవదు. వాల్వ్, క్యాప్ ఉండగానే తూచి "పంచింగ్ అంకెకి సరిపోయింది" అనుకుంటే, వాటి బరువు తుప్పు తిన్న ఉక్కు లోటుని కప్పేస్తుంది. రంగు పొరలు, లోపల చేరిన నీళ్లు కూడా తూకాన్ని పెంచుతాయి. వాల్వ్ విప్పి, ఖాళీగా, పొడిగా తూచాలి.

ఇప్పుడు హైడ్రోకి దొరకనివి. మీరు జాగ్రత్త పడాల్సింది వీటి దగ్గరే.

నూనె. మూతపడిన షెడ్లలో సిలిండర్లని కంప్రెసర్‌కి ఎయిర్ ట్యాంకులా తగిలించి వాడటం మామూలే. కంప్రెసర్ నూనె ఆవిరి లోపల గోడలకి పట్టేస్తుంది. నీళ్లతో చేసే టెస్టుకి ఆ నూనె ఏమీ అడ్డం కాదు, సిలిండర్ పాస్ అవుతుంది. తర్వాత అందులో 150 బార్ ఆక్సిజన్ ఎక్కించేటప్పుడో, మీరు వాల్వ్ గభాల్న తిప్పినప్పుడో ఒత్తిడికి పుట్టే వేడి చాలు, నూనె అంటుకుంటుంది. స్వచ్ఛమైన ఆక్సిజన్‌లో ఆ తర్వాత ఉక్కే మండుతుంది. వాల్వ్ విప్పినప్పుడు లోపలి నుంచి మాడిన నూనె వాసన వచ్చినా, తెల్లగుడ్డ దించి తుడిస్తే జిడ్డు మరక వచ్చినా ఆక్సిజన్‌కి అది పనికిరాదు. సిలిండర్ వాల్వ్ మీద, మరల మీద గ్రీజు గానీ నూనె గానీ రాయకూడదని రూల్స్‌లోనే ఉంది, కారణం ఇదే.

వెల్డింగ్ మచ్చలు. షాపులో సిలిండర్‌కి ఆనించి ఎలక్ట్రోడ్ గీకడం, ఎర్త్ క్లాంపు సిలిండర్‌కే తగిలించడం చూస్తుంటాం. ఆ క్షణంలో చుక్కంత చోట ఉక్కు కరిగి, చుట్టూ ఉన్న చల్లటి లోహం వల్ల టక్కున గట్టిపడి గాజులా పెళుసవుతుంది. అక్కడి నుంచి వెంట్రుకంత పగులు మొదలవుతుంది. నింపడం, ఖాళీ చేయడం జరిగే కొద్దీ అది పెరుగుతుంది. ఈ రోజు హైడ్రోలో పాస్ అయిన సిలిండర్ రెండో ఏడాది పగలొచ్చు. అందుకే ఆర్క్ మచ్చ ఎంత చిన్నదైనా, గ్యాస్ టార్చి కాల్చిన గుర్తు ఎంత చిన్నదైనా సిలిండర్ రిజెక్ట్. కొత్త రంగు దాచేది ముఖ్యంగా దీన్నే. అందువల్ల భుజం మీదే కాదు, ఒళ్లంతా రంగు తీయించి చూడాలి. ఇక ఎక్కడైనా వెల్డింగ్‌తో అతికిన ముక్క, నింపిన గుంట, అడుగు రింగు తిరిగి వెల్డ్ చేసిన ఆనవాలు ఉంటే చర్చే అక్కర్లేదు. అతుకులేని సిలిండర్‌కి వేడి తగిలించే రిపేరు ఏదీ చేయకూడదు.

పాత గ్యాసు. రంగు మారిస్తే గ్యాసు చరిత్ర మారిపోదు. పరిశ్రమల సిలిండర్లలో ఆక్సిజన్ నలుపు, నైట్రోజన్ బూడిదరంగు ఒళ్లు నల్ల మెడ, ఆర్గాన్ నీలం, హైడ్రోజన్ ఎరుపు, ఎసిటిలీన్ మెరూన్. ఆస్పత్రి ఆక్సిజన్ నల్ల ఒళ్లు, తెల్ల భుజం. నల్లరంగు కింద ఎరుపు పొర కనిపిస్తే అది హైడ్రోజన్ సిలిండర్ కావచ్చు. మండే గ్యాసు ఉన్నదాన్ని ఆక్సిజన్‌కి మార్చే ఆలోచనే వద్దు. కార్బన్ డయాక్సైడ్ సిలిండర్లకి కూడా టెస్ట్ ప్రెజర్ ఇంచుమించు ఇదే స్థాయిలో ఉండటంతో కలిపేస్తుంటారు. తేమతో కలిసిన ఆ గ్యాసు లోపల ఆమ్లంగా మారి అడుగుని గుంటలు గుంటలుగా తినేస్తుంది. 2021 రెండో వేవ్‌లో కొరత వచ్చినప్పుడు నైట్రోజన్, ఆర్గాన్ సిలిండర్లని మెడికల్ ఆక్సిజన్‌కి మార్చుకోవడానికి పెసో అనుమతి ఇచ్చింది. అదైనా ఒక పద్ధతి ప్రకారం, లోపల శుద్ధి చేసి, వాల్వ్ మార్చి, గుర్తులు మార్చి చేయాల్సిందే. ఆ రోజుల పేరు చెప్పి ఇప్పుడు ఎవరైనా "ఇది మార్చిందే" అంటే, మార్పిడి కాగితం చూపించమనండి.

వాల్వ్ మీదా వివరాలుంటాయి: ఏ గ్యాసుకి, తయారీ సంవత్సరం, ఒత్తిడి, మర కుడివైపా ఎడమవైపా. ఆక్సిజన్ వాల్వ్ కుడి మర, మండే గ్యాసులది ఎడమ మర. రెగ్యులేటర్ సరిగ్గా ఎక్కకపోతే అడాప్టర్ తెచ్చి ఎక్కించేవాళ్లు ఉంటారు. ఆ తేడా పెట్టిందే మీరు తప్పు గ్యాసు తగిలించకుండా ఆపడానికి.

బయటి నుంచి మీరే చూడగలిగినవి ఇంకొన్ని. ఖాళీ సిలిండర్‌ని నేలకి తాకకుండా వేలాడదీసి చెక్కసుత్తితో మెల్లగా తడితే గంటలా ఖంగుమని కాసేపు మోగాలి. చప్పగా "డప్" అంటే లోపల నీళ్లో, తుప్పు పెచ్చులో, పగులో ఉండొచ్చు. వంచితే గలగలమన్నా, నీళ్లు కదిలినట్టున్నా పక్కన పెట్టండి. మన తీరప్రాంతపు తేమలో వాల్వ్ తెరిచి వదిలేసిన సిలిండర్ ఊపిరి తీసుకున్నట్టు రాత్రి తడిగాలి పీల్చుకుంటుంది, అడుగు తింటుంది. మూతపడిన యూనిట్ అంటున్నారు కాబట్టి ప్రతి వాల్వూ మూసి ఉందా, లోపల కొంచెం ఒత్తిడి మిగిలి ఉందా అన్నది మొదట చూడండి. ఇక ఉబ్బు ఎక్కడున్నా రిజెక్ట్. సొట్ట ఉంటే లోతు కొలవండి. బయటి వ్యాసంలో 3 శాతం, అంటే 232 మిల్లీమీటర్ల సిలిండర్‌కి ఇంచుమించు 7 మిల్లీమీటర్లు దాటితే దానిమీద ఆశ వదులుకోండి.

ఇదంతా తీసేశాక మీ 24లో ఎన్ని మిగులుతాయో చూడండి. ఆ పైన హైడ్రో ఖర్చు, కొత్త వాల్వ్ (పాత వాల్వ్ మళ్లీ బిగించమని నేనైతే చెప్పను), రంగు, రవాణా కలపండి. మూడో వంతు ధర అన్నది ఎక్కడికి చేరుతుందో మీకే తెలుస్తుంది. పది మిల్లీమీటర్ల ప్లేటు కోస్తే టార్చి గంటకి రెండు మూడు క్యూబిక్ మీటర్ల ఆక్సిజన్ తాగుతుంది, అంటే ఒక సిలిండర్ మూడు గంటల కోత. మీ పని దీనికి తగ్గట్టు తక్కువైతే గ్యాస్ కంపెనీ దగ్గర అద్దె సిలిండర్లే మేలు. రికార్డు, హైడ్రో వాళ్ల బాధ్యత. సొంత సిలిండర్లే కావాలనుకుంటే ప్లాంటులో మార్పిడికి ఒప్పుకోకండి. మీ నంబరు ఇచ్చి ఇంకొకరి నంబరు తెచ్చుకుంటే మీ సర్టిఫికెట్లన్నీ చిత్తుకాగితాలే.

లైసెన్సు, నిల్వ

లైసెన్సు అక్కర్లేని పరిమితులు ఇవి: మండని, విషం కాని గ్యాసులు (ఆక్సిజన్, నైట్రోజన్, ఆర్గాన్) 200 సిలిండర్ల దాకా, డిజాల్వ్డ్ ఎసిటిలీన్ 50 సిలిండర్ల దాకా, ఎల్‌పీజీ 100 కిలోల దాకా, విషవాయువులు 5 సిలిండర్ల దాకా. కటింగ్‌కి 19 కిలోల కమర్షియల్ ఎల్‌పీజీ వాడుతుంటే ఐదు సిలిండర్లకి 95 కిలోలు, ఆరోదానికి గీత దాటారు. ఇది కేవలం నిల్వకే మినహాయింపు. పెద్ద సిలిండర్ నుంచి చిన్నదానిలోకి నింపుకోవడం ఫిల్లింగ్ కిందకి వస్తుంది, దానికి లైసెన్సు తప్పనిసరి. ఒక్క సిలిండర్‌కైనా సరే.

లైసెన్సు అక్కర్లేదంటే నియమాలు అక్కర్లేదని కాదు. పైకప్పు, గాలి ఉన్న చోట, పొయ్యి, వెల్డింగ్ బూత్‌లకి దూరంగా ఉంచాలి. నిండువి ఒకవైపు, ఖాళీవి ఒకవైపు. ఎసిటిలీన్, ఎల్‌పీజీలని ఆక్సిజన్‌ నుంచి తగినంత దూరంలో గానీ, మధ్య గోడ కట్టి గానీ ఉంచాలని రూల్. మన రూల్ అంకె చెప్పదు. అమెరికా వాళ్లు వాడే 20 అడుగులు లేదా 5 అడుగుల ఎత్తు మంట తట్టుకునే గోడ అన్న కొలతని నేను ఆధారంగా తీసుకోమంటాను. ఎసిటిలీన్, ఎల్‌పీజీ ఎప్పుడూ నిలబెట్టే ఉంచాలి. ఎసిటిలీన్ సిలిండర్ లోపల సన్నటి రంధ్రాలున్న గట్టి పదార్థం (మాస్), అందులో ఎసిటోన్ అనే ద్రవం ఉంటాయి. పడుకోబెడితే ఎసిటోన్ బయటికి లాగుతుంది. ఆ సిలిండర్‌కి నీళ్ల హైడ్రో చేయరు, మాస్ పాడవుతుంది. దాని పరీక్ష వేరే. మంటలో పడ్డ ఎసిటిలీన్ సిలిండర్‌ని మాత్రం ఏ పరీక్షా లేకుండా నాశనం చేయాల్సిందే.

ట్రాలీ ఆటో

నిండు సిలిండర్లని సైకిల్ మీదా, ఏ రెండు చక్రాల మోటారు బండి మీదా తీసుకెళ్లకూడదు. మోటారు సైకిల్ మీద అడ్డంగా కట్టి తీసుకెళ్లేవాళ్లని రోజూ చూస్తాం, అది నేరమే. ట్రాలీ ఆటో అయితే: ఎత్తున్న పక్కపలకలు ఉండాలి, సిలిండర్ బండి అంచు దాటి పక్కకి గానీ వెనక్కి గానీ పొడుచుకు రాకూడదు, బండి లోపల మొనదేలిన ఇనుప ముక్కలు ఉండకూడదు. నిలబెట్టి, పైన ఒకచోట కింద ఒకచోట రాచెట్ బెల్టుతో బిగించండి, సందుల్లో చెక్కదిమ్మలు పెట్టండి. కొబ్బరితాడు చాలదు. రెగ్యులేటర్ విప్పేసి, వాల్వ్ క్యాప్ బిగించాలి. క్యాప్ లేని సిలిండర్ బోర్లా పడి వాల్వ్ విరిగితే రాకెట్‌లా దూసుకుపోతుంది, గోడలు కూడా ఆపవు. ఆక్సిజన్, ఎసిటిలీన్ కలిపి ఒకే బండిలో వేయకూడదు, మండే గ్యాసుల సిలిండర్లు వేరే గ్యాసులతో కలవకూడదన్నది రూల్. దించేటప్పుడు పాత టైరు మీదకి విసరడం మన దగ్గర అలవాటైపోయింది. విసరడం, ఒకదానిమీద ఒకటి పడేయడం రెండూ నిషేధమే. ట్రాలీతో లేదా పలక వాలుగా వేసి ఇద్దరు మనుషులతో దించండి. అయస్కాంతపు క్రేన్ వాడకూడదు.

మీరు ఇప్పుడు తెచ్చుకునేది ఖాళీలే అని అమ్మే ఆయన చెబుతాడు. ఖాళీ అని నమ్మేముందు ప్రతి వాల్వుకీ గేజి పెట్టి చూడండి. ఏం గ్యాసో తెలియనిదాన్ని, వాల్వ్ బిగుసుకుపోయినదాన్ని తెరవడానికి ప్రయత్నించకండి, బండి ఎక్కించకండి. ముంబై సెవ్రీలో పోర్ట్ ట్రస్ట్ స్థలంలో ఏళ్లుగా వదిలేసిన క్లోరిన్ సిలిండర్ 2010 జూలైలో లీకై వందమందికి పైగా ఆస్పత్రి పాలయ్యారు. అలాంటిది కనిపిస్తే అక్కడే వదిలి, అగ్నిమాపక శాఖకీ పెసో ఆఫీసుకీ చెప్పించండి.

చివరిగా బేరంలో ఒక షరతు రాయించుకోండి: టెస్ట్‌లో పోయిన సిలిండర్లకి డబ్బు ఇవ్వను, కానీ వాటిని తిరిగి అమ్మే ఆయనకీ అప్పగించను. కండెమ్ అయిన సిలిండర్‌ని మళ్లీ అతికించడానికి వీల్లేనట్టు ముక్కలు కోసి అణిచేయాలని రూల్. ఆ పని టెస్ట్ స్టేషన్‌లోనే, వాల్వ్ విప్పి, లోపల గ్యాసు లేదని తేల్చుకున్నాక చేయించండి. నంబర్లతో కాగితం తీసుకోండి. తుక్కు డబ్బు ఆయనకే ఇవ్వండి. అలా చేయకపోతే అవే సిలిండర్లు ఇంకో కోటు నల్లరంగుతో వచ్చే నెల మీ పక్క షాపు వాళ్లకి చేరతాయి.